డబ్బున్నోళ్లు భూమి ఎలా కొంటారో చూసి మనం ప్లాటు ఎలా కొనాలి

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా డాక్యుమెంట్ రైటర్‌గా కూర్చుని పద్దెనిమిదేళ్లు అయింది నాకు, రంగారెడ్డి జిల్లాలో. ఇన్నేళ్లలో జనం నన్ను అడిగిన ప్రశ్న ఒకటే, "అన్నా, పెద్ద పెద్దోళ్లు మీ దగ్గరికే వస్తారు కదా, ఎక్కడ కొంటున్నారో చెప్పు, మేం కూడా ఆ పక్కన ఒక రెండొందల గజాలు తీసుకుంటాం" అని. వారానికి ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు, అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాస్తున్నా.

ఎక్కడ కొంటున్నారో తెలిసినా మీకు పెద్దగా పనికిరాదు. వాళ్లు కొన్న విషయం మన దాకా వచ్చేసరికి రేటు పెరిగిపోయి ఉంటుంది. చూడాల్సింది వాళ్లు నా టేబుల్ ముందు కూర్చున్నప్పుడు ఏం చేస్తారో.

ఒకటి చెప్తా. ఒకాయన, అరవై దాటిన మనిషి, మా ఏరియాలోనే చాలా ఎకరాలున్నాయి. రిజిస్ట్రేషన్ స్లాట్ పదకొండున్నరకి. అమ్మేవాళ్లు వచ్చారు, సాక్షులు వచ్చారు, వాళ్లలో ఒకరు స్వీట్ బాక్స్ కూడా తెచ్చారు. ఈయన లీగల్ హెయిర్ సర్టిఫికెట్, అంటే చనిపోయిన యజమాని వారసుల పేర్లుండే కాగితం, తీసి వేలుతో ఒక్కొక్క పేరు లెక్కపెట్టాడు. పిల్లలు నలుగురు, డాక్యుమెంట్‌లో సంతకం పెట్టేవాళ్లు ముగ్గురు. చెల్లె ఏదని అడిగితే "కర్నాటకలో ఉంటది సార్, ఆమెకి పెళ్లప్పుడే ఇచ్చేసినం" అన్నారు. ఆయన కళ్లజోడు జేబులో పెట్టుకుని "ఆమె వచ్చినంక చూద్దాం తియ్యి" అని లేచి వెళ్లిపోయాడు. స్లాట్ పోయింది, అడ్వాన్స్ అప్పటికే ఇచ్చేసి ఉన్నాడు, అయినా వెళ్లిపోయాడు. మూడు వారాలకి ఆ చెల్లె తన వాటా డబ్బు తీసుకుని వచ్చి సంతకం పెట్టింది. అదే నెలలో ఒక భార్యాభర్తలు, ఇద్దరూ ఉద్యోగస్తులే, ఇలాంటి వారసత్వ భూమిలోదే ఒక ముక్క ఫోన్ చూసుకుంటూ ఇరవై నిమిషాల్లో రిజిస్టర్ చేయించుకున్నారు, నేను చెప్పినా "మీడియేటర్ మావాడే అన్నా" అన్నారు. ఇప్పుడు వాళ్లు కోర్టులో ఉన్నారు.

కాపీ కొట్టాల్సింది ఆ లేచి వెళ్లిపోవడాన్ని. దానికి కోట్లు అక్కర్లేదు.

కావాల్సినవి

- అమ్మేవాళ్ల డాక్యుమెంట్ జిరాక్స్, దానికి ముందువి అన్నీ, అంటే లింక్ డాక్యుమెంట్లు, కనీసం 30 ఏళ్లవి
- ఊరి పేరు, సర్వే నంబర్, దాని ఉపవిభాగం బై నంబర్‌తో సహా, ప్లాట్ నంబర్, లేఅవుట్ కాపీ
- మీకు మాత్రమే పనిచేసే లాయర్
- లైసెన్స్ ఉన్న సర్వేయర్, ఒక పూట
- ధర కాకుండా ఇంకో పది శాతం డబ్బు
- రెండు నెలల టైమ్. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా దండగ

1. ముందు అమ్మే రోజు గురించి ఆలోచించండి

డబ్బున్నోళ్లు కొనేముందే "దీన్ని రేపు ఎవడు కొంటాడు" అనుకుంటారు. మీరూ ఒక కాగితం మీద రాయండి. ఇల్లు కట్టుకునేవాడు కొంటాడా, లేక మీలాగే పెరుగుతుందని ఆశపడేవాడా? చుట్టూ కిలోమీటరులో ఇళ్లు కడుతూ ఉంటే మొదటి రకం. రాళ్లు, గడ్డి, ఆర్చి మాత్రమే ఉంటే రెండో రకం, అప్పుడు మీలాంటి ఇంకో ఆశపోతు దొరికేదాకా ఆగాలి.

ఫార్మ్ ప్లాట్ల విషయంలో జాగ్రత్త. వ్యవసాయ భూమిని గుంటల్లెక్కన ముక్కలు చేసి అమ్ముతుంటారు, లేఅవుట్ పర్మిషన్ ఉండదు, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు, అమ్మబోతే బ్యాంకు లోన్ ఇవ్వదు కాబట్టి కొనేవాడు మొత్తం చేతి డబ్బుతోనే రావాలి. గుంట అంటే 121 గజాలు, రెండు గుంటలు 242, ఈ లెక్క గుర్తుంచుకోండి, బ్రోషర్‌లో 250 అని వేసి డాక్యుమెంట్‌లో రెండు గుంటలు రాసినవి నేనే చూశా.

2. ఎన్నేళ్లు ఆగగలరో తేల్చుకోండి

అమరావతి చూశాం కదా. 2015లో శంకుస్థాపన, చుట్టుపక్కల రేట్లు ఆకాశానికి. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట రాగానే పడిపోయాయి, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కదిలాయి. ఆ నాలుగున్నరేళ్లు చేతిలో వేరే డబ్బు ఉన్నవాడు గమ్మున కూర్చున్నాడు. అప్పు చేసి కొన్నవాడు, కూతురి పెళ్లి పెట్టుకున్నవాడు అడిగినకాడికి అమ్ముకున్నాడు. ఇద్దరిదీ అదే భూమి.

అందుకని ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐ ఉంటే ఆరు ఈఎంఐలు పక్కన పెట్టాక మిగిలిందే మీ బడ్జెట్. 50 లక్షల లోన్ 20 ఏళ్లకి 8.5 శాతం మీద తీసుకుంటే నెలకి 43 వేల పైన కట్టాలి, ప్లాటు అద్దె తెచ్చిపెట్టదు.

3. రేటు లెక్క మీరే వేయండి

"కోకాపేటలో ఎకరం వంద కోట్లు పోయింది సార్, ఇక్కడ గజం పాతిక వేలే" అని ఏజెంట్లు అంటారు. నిజమే, 2023 ఆగస్టులో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) కోకాపేట నియోపోలిస్ లేఅవుట్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. కానీ కొన్న కంపెనీ ఏ లెక్కన కొన్నది? అక్కడ నలభై యాభై అంతస్తులు లేపొచ్చు, ఎకరంలో ఐదు లక్షల చదరపు అడుగులు కడతారనుకుందాం, భూమి ఖర్చు అడుగుకి రెండు వేలే పడుతుంది, పైగా ప్రభుత్వ వేలం కాబట్టి రోడ్లు వేసి ఉంటాయి, టైటిల్ తలనొప్పి తక్కువ. మీ ప్లాట్‌లో మీరు కట్టేది జీ ప్లస్ టూ. కాబట్టి ఆ వంద కోట్లకీ మీ పాతిక వేలకీ చుట్టరికం లేదు.

మీ లెక్క ఇలా వేయండి. 200 గజాలు, గజం 25 వేలు, అంటే 50 లక్షలు. తెలంగాణలో అయినా ఏపీలో అయినా స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి దాదాపు 7.5 శాతం, అది 3.75 లక్షలు. లాయర్, సర్వే, కంచె, తిరుగుడు కలిపితే మొత్తం 54.5 లక్షలు అనుకోండి. పదేళ్లకి కోటి అయితే "డబుల్ అయింది" అని సంబరపడతాం, కానీ ఏడాదికి ఆరు శాతం పైచిలుకే పెరిగినట్టు, లాభం మీద 12.5 శాతం ట్యాక్స్ కట్టాక ఐదున్నర దగ్గర ఆగుతుంది. 8.5కి అప్పు తెచ్చి ఐదున్నర సంపాదించడం ఏం వ్యాపారం చెప్పండి.

సరైన రేటు తెలియాలంటే అడుగుతున్న రేటు చూడొద్దు. ఆ వెంచర్‌లో పోయిన ఏడాది ప్లాటు అమ్మినవాళ్లని ఇద్దరిని వెతికి, చేతికి ఎంత వచ్చిందో అడగండి. ఇంకో చిట్కా, మీరు కొనేవాళ్లలా కాకుండా అదే వెంచర్‌లో ప్లాటు అమ్మేవాళ్లలా అదే ఏజెంట్‌కి వేరే నంబర్ నుంచి ఫోన్ చేయండి. అప్పుడు చెప్పేది అసలు రేటు.

4. కాగితాలు, ఇక్కడే టైమ్ అంతా పెట్టండి

ఈసీ తీయండి. అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల చిట్టా. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందువి ఆఫీసులో పెట్టుకోవాలి. చాలామంది చేసే తప్పు ఏంటంటే ప్లాట్ నంబర్ కొట్టి ఒక ఈసీ తీసి, రెండు ఎంట్రీలు కనిపిస్తే క్లియర్ అనుకుంటారు. లేఅవుట్ పడకముందు ఆ భూమి ఎకరాల్లో చేతులు మారింది, అవన్నీ సర్వే నంబర్ మీద ఉంటాయి. కాబట్టి సర్వే నంబర్ మీద ఒకటి, ప్లాట్ నంబర్ మీద ఒకటి, రెండూ తీయాలి. అయినా ఈసీలో రిజిస్టర్ అయినవే కనిపిస్తాయి, రిజిస్టర్ కాని వీలునామా, కోర్టు కేసు, ఇంట్లో రాసుకున్న పంపకం కాగితం కనిపించవు. కేసుల కోసం ఈ-కోర్ట్స్ సైట్‌లో అమ్మేవాళ్ల పేరు, వాళ్ల నాన్న పేరు, వాళ్లకి అమ్మినవాళ్ల పేరు కొట్టి చూడండి, స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా మార్చి.

రిజిస్టర్ చేయకూడని భూముల జాబితా, అంటే 22-ఏ నిషేధిత జాబితా కూడా అదే రిజిస్ట్రేషన్ సైట్‌లో ఉంటుంది. ప్రభుత్వ, అసైన్డ్, వక్ఫ్, దేవాదాయ భూములు అందులో వస్తాయి. పేదలకి పంచిన అసైన్డ్ భూమిని అమ్మడం తెలంగాణలో 1977 చట్టం కిందే నిషేధం, "సాదా కాగితం మీద రాసిస్తాం, తర్వాత రెగ్యులరైజ్ అవుతుంది" అంటే ఆ మాట విన్న చోటే కుర్చీలోంచి లేవండి.

వ్యవసాయ భూమి అయితే తెలంగాణలో భూ భారతి సైట్ (మొన్నటిదాకా ధరణి), ఏపీలో మీభూమి సైట్‌లో వన్ బీ, అడంగల్ అనే భూమి రికార్డులు చూడండి. పాత పహాణీలు, అంటే ఏటా రాసే సాగు రికార్డులు, కూడా అడగండి. డబ్బున్నోళ్ల లాయర్లు 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెళ్తారు, మనం అంత వెళ్లకపోయినా పట్టాదారు పేరు ఏ సంవత్సరం నుంచి మారిందో, ఎందుకు మారిందో మాత్రం తెలియాలి. పేరు మారి డాక్యుమెంట్ కనిపించకపోతే అక్కడ ఏదో ఉన్నట్టే.

వారసులు. ఆడపిల్లలకి సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఏపీలో 1986 సవరణ, దేశమంతటికీ 2005 సవరణ, ఆపైన 2020లో సుప్రీంకోర్టు తీర్పు, ఇన్ని వచ్చాక కూడా "ఆడపిల్లలకి కట్నం ఇచ్చేశాం" అనే మాట మా ఆఫీసు దగ్గర రోజూ వింటా. కట్నం ఇస్తే హక్కు పోదు. అక్కచెల్లెళ్ల సంతకం డాక్యుమెంట్‌లో ఉండాలి, లేదా రిజిస్టర్ చేసిన హక్కు విడుదల పత్రం ఉండాలి. చనిపోయిన వారసుడు ఉంటే అతని భార్యాపిల్లలవి కూడా.

జీపీఏ (యజమాని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద అమ్ముతుంటే, అది ఇచ్చిన మనిషి బతికి ఉన్నాడా అని మొదట కనుక్కోండి, వీలైతే ఆయన్నే రమ్మనండి. జీపీఏ, అగ్రిమెంట్ లాంటి కాగితాలతో యాజమాన్యం బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

వెంచర్ ప్లాట్ అయితే హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ (టౌన్ ప్లానింగ్ శాఖ) ఇచ్చిన ఎల్పీ నంబర్, అంటే లేఅవుట్ పర్మిషన్ నంబర్, అడగండి, డ్రాఫ్టా ఫైనలా అని కూడా. పనులు పూర్తి చేసేదాకా కొన్ని ప్లాట్లు ఆ సంస్థకే మార్ట్‌గేజ్‌లో ఉంటాయి, మీ నంబర్ ఆ లిస్టులో లేదని చూసుకోవాలి. గ్రామ పంచాయతీ లేఅవుట్ అంటే చెల్లే పర్మిషన్ కాదు. నా చేతులే కాలాయి ఇందులో, 2010లో ఒక కంపెనీ దగ్గర అలాంటి దాంట్లోనే 200 గజాలు కొన్నా, డాక్యుమెంట్లు రాసేవాణ్ణి అయ్యుండి. నాలుగేళ్ల తర్వాత వెళ్తే హద్దు రాళ్లు లేవు, మొత్తం పత్తి వేసి ఉంది, నా ప్లాట్ ఏదో ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని అంచనాగా చూసి వచ్చా. ఎల్ఆర్ఎస్ (పర్మిషన్ లేని లేఅవుట్లని రెగ్యులరైజ్ చేసే పథకం) అయిపోయింది అని అమ్మేవాళ్లు చెప్తే ప్రొసీడింగ్స్ కాపీ అడగండి. 2020లో వెయ్యి రూపాయలు కట్టిన అప్లికేషన్ రసీదు చూపిస్తారు, అది రసీదే.

ఫ్లాట్ అయినా ప్లాట్ అయినా ప్రాజెక్టు 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉండాలి. "ప్రీలాంచ్, రెరా వచ్చాక రేటు పెరుగుతుంది" అంటే రెరా రాకుండా అమ్మడమే తప్పు అని అర్థం. సైట్‌లో నంబర్ కొట్టి సర్వే నంబర్, అంతస్తుల లెక్క, అప్పులు, కేసులు బ్రోషర్‌తో పోల్చండి. కట్టేసిన ఫ్లాట్ అయితే ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, చూడండి. ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీ కూడా ఉండదు.

5. భూమి మీదికి వెళ్లండి, ఒకసారి కాదు

ఒకసారి ఏజెంట్ కారులో, రెండోసారి ఒంటరిగా, మూడోసారి గట్టి వాన పడిన మర్నాడు. మూడోదే ముఖ్యం. సర్వేయర్‌ని తీసుకెళ్లి టిప్పన్ (ఆ సర్వే నంబర్ కొలతల పటం) ప్రకారం, ఏపీలో అయితే ఎఫ్ఎంబీ ప్రకారం కొలిపించండి. పక్క పొలం రైతుతో మాట్లాడండి, "ఈ భూమి ఎవరిది" అని అడగండి, కొంటున్నట్టు చెప్పకుండా. పది నిమిషాల్లో ఆయన చెప్పేది ఏ ఈసీలోనూ ఉండదు.

చెరువు దగ్గరైతే హెచ్ఎండీఏ చెరువుల సైట్‌లో ఎఫ్టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) మ్యాప్ చూడండి. 10 హెక్టార్లు, అంటే పాతిక ఎకరాలు దాటిన చెరువుకి ఎఫ్టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్ (కట్టకూడని జాగా), చిన్న చెరువుకి 9 మీటర్లు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక కూలిన వాటి గురించి అందరికీ తెలుసు, పర్మిషన్ కాగితం ఉన్నవాళ్లు కూడా భయపడ్డారు. గండిపేట, హిమాయత్ సాగర్ చుట్టూ కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 111 జీవో కింద ఉన్న 84 గ్రామాల్లో అయితే "జీవో ఎత్తేస్తున్నారు" అనే మాట మీద రూపాయి కూడా పెట్టొద్దు.

6. లాయర్, పేపర్ ప్రకటన

అమ్మేవాళ్లు ఇచ్చిన లీగల్ ఒపీనియన్ చదవండి కానీ దాన్ని నమ్ముకోవద్దు, ఆ లాయర్‌కి ఫీజు ఇచ్చింది వాళ్లు. మీ లాయర్ చేత రెండు పేపర్లలో ప్రకటన వేయించండి, "ఫలానా సర్వే నంబర్‌లో ఫలానా ప్లాట్ మా క్లయింట్ కొంటున్నారు, అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లో తెలపండి" అని. కొన్ని వేలు అవుతుంది. పెద్దవాళ్లు దాదాపు ప్రతిసారీ వేస్తారు, మనవాళ్లు నూటికి ఒకరు కూడా వేయరు. ప్రకటన వేస్తామంటే అమ్మేవాడి మొహం ఎలా మారుతుందో చూడండి, అదే సగం రిజల్ట్.

లాయర్ ఫీజు కష్టమనుకుంటే ప్రత్యామ్నాయం ఒకటుంది, లోన్ అవసరం లేకపోయినా బ్యాంకులో లోన్‌కి అప్లై చేయండి. వాళ్ల ప్యానెల్ లాయర్ చూస్తాడు. బ్యాంకు వద్దన్న ఆస్తి మీరు ఎందుకు తీసుకోవాలి. అయితే బ్యాంకు ఓకే అంటే అంతా క్లియర్ అనుకోవద్దు, వాళ్లు చూసేది వాళ్ల డబ్బు భద్రత వరకే.

7. బయానా, డబ్బులు

టోకెన్ ఎంత తక్కువైతే అంత మంచిది, "కాగితాలు సరిగా లేకపోతే డబ్బు పూర్తిగా వాపస్" అని రాయించుకుని, చెక్కు లేదా ఆన్‌లైన్‌లో ఇవ్వండి. రెరా ప్రాజెక్టులో అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డర్‌కి లేదు, ఇది గుర్తుచేస్తే చాలు గొంతు తగ్గుతుంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్) మీరే కోసి కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్ఆర్ఐ అయితే రూల్ వేరు, ఎక్కువ కోయాలి, ఆడిటర్‌ని కలవకుండా డబ్బు పంపొద్దు.

బ్లాక్ మనీ సంగతి. పెద్దోళ్లు ఇవ్వరా అంటే ఇస్తారు, దాచిపెట్టేదేముంది. కానీ అది వాళ్ల దగ్గర నేర్చుకోవద్దు. భూమి లావాదేవీలో 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, బేరం చెడితే ఇచ్చినట్టు రుజువు ఉండదు, రేపు మీరు అమ్మేటప్పుడు తక్కువ ధరకి కొన్నట్టు లెక్క కాబట్టి ట్యాక్స్ ఎక్కువ పడుతుంది.

కాపీ కొట్టకూడనివి ఇంకా ఉన్నాయి. లిటిగేషన్ భూమి సగం రేటుకి కొనడం. వాళ్లకి ఇరవై చోట్ల ఉంటాయి, ఒకటి పదిహేనేళ్లు కోర్టులో ఇరుక్కున్నా భోజనం ఆగదు. మీకున్నది ఒక్కటే. అలాగే రింగ్ రోడ్డు వస్తుందని ముందే ఊహించి కొనడం, రోడ్డు పక్కనుంచి వస్తే లాభం, మీ ప్లాట్ మధ్యలోంచి వస్తే పరిహారం కోసం తిరగడం.

8. రిజిస్ట్రేషన్ రోజు, ఆ తర్వాత

ఆ రోజు పొద్దున్నే ఇంకో ఈసీ తీయండి, నెల కింద తీసింది చాలదు, ఆ మధ్యలో వేరేవాళ్లకి రిజిస్టర్ చేసిన కేసులు ఉన్నాయి. డ్రాఫ్ట్ ముందురోజే తెప్పించుకుని హద్దులు నాలుగూ, సర్వే బై నంబర్, గజాలు లింక్ డాక్యుమెంట్‌తో పోల్చండి. తూర్పు పడమర తారుమారు అవడం మా టేబుళ్ల మీద ఎక్కువగా జరిగే తప్పు, నేనూ చేశా. ఒరిజినల్ లింక్ డాక్యుమెంట్లు చేతికి వచ్చాకే చివరి చెక్కు ఇవ్వండి. ఒరిజినల్ పోయిందంటే పోలీసు కంప్లైంట్ కాపీ, పేపర్ ప్రకటన అడగండి, ఎందుకంటే చాలాసార్లు పోయిన ఒరిజినల్ ఏ ఫైనాన్స్ వాడి బీరువాలోనో ఉంటుంది.

పని అయిందో లేదో చూసుకోవడం ఇలా. పదిహేను రోజుల తర్వాత ఈసీ తీస్తే చివరి ఎంట్రీలో మీ పేరు, గజాలు సరిగా ఉండాలి. మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, అయి ఖాళీ స్థలం పన్ను లేదా ఇంటి పన్ను మీ పేరు మీదికి రావాలి, వ్యవసాయ భూమి అయితే పాస్‌బుక్ రావాలి. టీడీఎస్ కట్టింది అమ్మినవాళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ అకౌంట్‌లో కనిపించాలి. ప్లాట్ చుట్టూ కనీసం కడీలు పాతి, మీ పేరు, ఫోన్ నంబర్‌తో చిన్న బోర్డు పెట్టి, తేదీ కనిపించేలా ఫోటోలు తీసుకోండి. ఏడాదికి ఒకసారి, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు దారిలో ఆగి, మళ్లీ ఫోటో తీసి ఒక ఈసీ లాగండి. బోర్డు పడిపోయి ఉంటే అదే రోజు నిలబెట్టి రండి.